ఎడమకాలి కట్టు

ఆయన బస్సెక్కితే చాలు, చుట్టూ మూడు వరుసల కిటికీలు తెరుచుకునేవి. చలిగాలి కొట్టినా సరే, వాన జల్లు పడుతున్నా సరే. వెనక నుంచి మూడో వరుసలో కిటికీ పక్క సీటు ఆయనది. దాని పక్క సీటు ఎవరిదీ కాదు. జనం మెట్ల మీద వేలాడే రోజుల్లో కూడా అది ఖాళీగానే ఉండేది. కొత్తగా ఎక్కినవాళ్ళు సీటు దొరికిందని సంబరంగా వచ్చి, కూర్చోబోయి, కిందికి చూసి, ముక్కు మూసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయేవాళ్ళు. అలా వెళ్ళిపోయిన ప్రతివాళ్ళనీ చల్లగా ఉండమని ఆయన మనసులోనే దీవించేవాడు.

కిందికి చూస్తే కనిపించేది ఆయన ఎడమకాలు. మోకాలి కింద మొదలై చీలమండ దాకా లావుపాటి కట్టు. దాని మీద అయోడిన్ మరకలు, అంచుల్లో తడి, ఆ తడి మీద ఈగలు. ఆ దారిన తిరిగే డ్రైవర్లూ కండక్టర్లూ ఆయన్ని పుండుకాలాయన అనేవాళ్ళు. చాటున కాదు, మొహం మీదే. ఆయనకు కోపం రాకపోగా ఆ పేరు విన్న పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఎందుకంటే ఆ కట్టు కింద పుండు లేదు. షావుకారు బంగారం ఉంది.

షావుకారుది నగల దుకాణం. మేడ మీద పనివాళ్ళు నగలు చేస్తారు, కింద అమ్ముతారు. ఆరు గంటల ప్రయాణం దూరంలో ఒక పట్నం ఉంది. అక్కడి పెద్ద దుకాణంవాళ్ళు ఈ నగల్ని టోకున కొంటారు. వెళ్ళేటప్పుడు తయారైన నగలు, వచ్చేటప్పుడు పొదగడానికి విడి రాళ్ళు. నెలకు రెండుసార్లు ఈ సరుకు అటూ ఇటూ తిరగాలి. తిరగాల్సిన దారేమో దొంగల పుట్ట.

మొదట్లో షావుకారు కండలు తిరిగిన మనుషుల్ని పంపాడు. వాళ్ళ మీసాలూ తోలుసంచులూ చూస్తే, మా దగ్గర ఏదో ఉంది చూడండహో అని చాటింపు వేసినట్టు ఉండేది. ఒకడి సంచి అడుగుకి బ్లేడు పెట్టి కోసేశారు. పాపం, అతను పట్నం చేరేదాకా ఖాళీ సంచినే గుండెలకు హత్తుకుని కూర్చున్నాడు. ఇంకొకడికి బిస్కెట్లలో మత్తుమందు పెట్టారు. దిగాల్సిన చోటికి మూడు ఊళ్ళ అవతల, ఒంటి మీద చెడ్డీ తప్ప మరేమీ లేకుండా లేచాడు. షావుకారు ఇద్దరినీ పోలీసులకు అప్పగించాడు. దొంగలు దొరకలేదు కాబట్టి దొరికినవాళ్ళనే దొంగల్ని చేశాడు.

మన మనిషి అప్పట్లో ఆ దుకాణంలో అద్దాల బీరువాలు తుడిచేవాడు. ఒకసారి ఎడమకాలి మీద సెగగడ్డ లేచి చితికితే, ఆ కట్టుతోనే అక్కావాళ్ళ ఊరు వెళ్ళొచ్చాడు. రానూ పోనూ ఆయన పక్కన పురుగు కూడా కూర్చోలేదు. జేబుదొంగ ఒకడు బస్సంతా తడుముకుంటూ తన దాకా వచ్చి, మొహం చిట్లించుకుని దాటిపోవడం కళ్ళారా చూశాడు. మర్నాడు షావుకారు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యా, దొంగకి కూడా అసహ్యం ఉంటుందండీ," అన్నాడు. షావుకారు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తలుపు వేసి రమ్మన్నాడు.

అది జరిగి ముప్పై ఏళ్ళు. దుకాణం వెనకున్న రెండు గదుల ఇల్లు షావుకారు ఆయనకిచ్చాడు. జాలిపడి కాదు. కట్టు కట్టే చోటు దుకాణానికి దగ్గరగా, వీధికి చాటుగా ఉండాలి కాబట్టి ఇచ్చాడు.

కట్టు కట్టేది భార్య. తెల్లవారగానే షావుకారు పెరటి తలుపులోంచి పొట్లాలు పట్టుకొచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఆయన ఎడమకాలు స్టూలు మీద పెట్టేవాడు. ముందు మెత్తటి పాత గుడ్డ ఒక చుట్టు. దాని మీద నగలు. చప్పుడు కాకుండా ఒక్కొక్కదాన్నీ పల్చటి కాగితంలో చుట్టి, పిక్క చుట్టూ, ముందువైపు ఎముక మీదా పరిచేది. ఆ పైన దూది, ఆ పైన బారల కొద్దీ గుడ్డపట్టీ, దాని మీద అయోడిన్ చుక్కలు. అన్నీ అయ్యాక సీసా. అందులో రెండు రోజులు నిలవ ఉంచిన చేపలు కడిగిన నీళ్ళు. అవి చిలకరించాక ఆమె సబ్బుతో నాలుగుసార్లు చేతులు కడుక్కునేది. అయినా ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు. షావుకారు మాత్రం ముక్కు మూసుకోకుండా చివరిదాకా చూసేవాడు. సొమ్ము తనది కదా, కంపు ఏం చేస్తుంది?

బస్సులో ఆయనకు కొన్ని నియమాలు ఉండేవి. ఆరు గంటలూ నీళ్ళు తాగడు, అందువల్ల మధ్యలో దిగాల్సిన పని రాదు. ఎవరేం పెట్టినా తినడు. కన్ను మూయడు. తన కాలి వైపు తాను చూడడు. పుండున్నవాడు మాటిమాటికీ పుండు చూసుకోడని, సొమ్మున్నవాడే చూసుకుంటాడని ఆయన సిద్ధాంతం. కళ్ళముందు ఏం జరిగినా నోరు మెదపడు. ఒకసారి ముందు సీట్లో ముసలామె మెడలో గొలుసు తెంపుతుంటే, ఆయన కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి భార్యకు గొప్పగా చెప్పాడు కూడా. ఆమె ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి. ముక్కు మూసుకున్నవాడు మంచివాడు, తిట్టినవాడు మరీ మంచివాడు, 'అయ్యో పాపం' అన్నవాణ్ణి మాత్రం నమ్మకూడదు. ఇది ఊరికే పుట్టలేదు. పన్నెండేళ్ళ కిందట తెల్లబట్టలు వేసుకున్న పెద్దమనిషి ఒకడు మలాము డబ్బా పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "నాకూ ఇలాగే ఉండేది బాబూ, దీంతోనే మానింది. కట్టు విప్పు, రాస్తాను," అన్నాడు. ఆయన గావుకేక పెట్టాడు. బస్సు ఆగేసరికి పెద్దమనిషి దూకి పరుగు లంకించుకున్నాడు. పడిపోయిన డబ్బాలో మలాము లేదు, మడత చాకు ఉంది. ఆ రోజు షావుకారు ఆయన భుజం తట్టాడు. ముప్పై ఏళ్ళలో షావుకారు చెయ్యి ఆయన ఒంటి మీద పడింది ఆ ఒక్కసారే. అన్నానికి కూర్చున్నప్పుడల్లా భార్యకు ఆ భుజం తట్టిన కథ చెప్పకుండా లేచేవాడు కాదు.

రెండేళ్ళ కిందట పుండు నిజంగానే వచ్చింది.

గాజుల జత ఒకదాని కొక్కెం, కాగితంలోంచి బయటికొచ్చి, ముందువైపు ఎముక మీద ఆరు గంటలపాటు ఒరుసుకుంది. ఆయన నియమం ప్రకారం కాలి వైపు చూడలేదు, కదల్చలేదు. పట్నంలో విప్పితే చిక్కుడు గింజంత దెబ్బ. మానుతుందిలే అనుకున్నారు. పదిహేను రోజులకు మళ్ళీ కట్టు, మళ్ళీ ఒరిపిడి. చిక్కుడు గింజంతది రూపాయి బిళ్ళంత అయింది, తర్వాత అరచేతంత మేర పాకింది. ఒంట్లో చక్కెర జబ్బు కూడా ఉన్నట్టు ఆయనకు తెలియదు. కాలు చూపించడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే తెలిసేది. డాక్టరు చూస్తే కట్టూ ప్రయాణాలూ మానేయమంటాడని, అసలు అటువైపే వెళ్ళేవాడు కాదు.

"కాలు మార్చండి. ఈసారి కుడికాలికి కడతాను," అంది భార్య ఒకరోజు.

"పిచ్చిదానా, పుండు ఎక్కడైనా కాలు మారుస్తుందా? ముప్పై ఏళ్ళుగా ఎడమకాలు చూసినవాళ్ళు రేపు కుడికాలికి కట్టు చూస్తే ఏమనుకుంటారు?"

"అది మానిపోయిందనుకుంటారు."

"ఒకటి మానిన రోజే రెండోది పుట్టుకొస్తుందా? కండక్టరే నవ్వుతాడు."

"పోనీ నాలుగు నెలలు మానేయండి. తగ్గాక మళ్ళీ వెళ్దురుగాని. కాలు పోతే ఏం చేస్తారు? నడిచేది దాంతోనేగా!"

"నాలుగు నెలలు ఇంకొకడు వెళ్తే, ఐదో నెల కూడా వాడే వెళ్తాడు."

ఆమె ఊరుకోలేదు. కట్టు కడుతున్నప్పుడు షావుకారుతోనే చెప్పింది. "అయ్యగారూ, ఇది నిజం పుండండీ. చూడండి, చీము పడుతోంది. ఒక్కసారి పెద్దాసుపత్రిలో చూపించనివ్వండి."

షావుకారు కుర్చీలోంచి ముందుకి వంగి చూశాడు. గట్టిగా గాలి పీల్చాడు. "వాసన ఈమధ్య బాగా కుదిరిందనుకుంటూనే ఉన్నాను," అన్నాడు. "చూపిద్దాంలే అమ్మా. ఈ పెళ్ళిళ్ళ హడావుడి తగ్గనీ."

ఆ మాటకు మన మనిషి పొంగిపోయాడంటే నమ్ముతారా? పొంగిపోయాడు. "ఇక ఆ సీసాతో పనిలేదోయ్, పారేసెయ్," అని భార్యతో హాస్యమాడాడు. ఆమె స్నానాల గది కిటికీ అవతలున్న సీసాని తీసి కాలవలో పారబోసింది. పారబోస్తూ ఏడ్చింది. ముప్పై ఏళ్ళుగా అసహ్యించుకున్న సీసా ఇంట్లోంచి పోతుంటే ఏడ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

ఆ సంవత్సరం వానలు పట్టువదలకుండా పడ్డాయి. ఒక ట్రిప్పులో ఆయన నగలు అప్పజెప్పి, పట్నం దుకాణం లోపలి గదిలో తనే కట్టు కట్టుకుని, మధ్యాహ్నం బస్సెక్కాడు. ఈసారి కట్టులో ఉన్నవి రవ్వలు. ఒక్క పొట్లం, ఇరవై నాలుగు రాళ్ళు. ఎవరో గొప్పింటివాళ్ళ నెక్లెస్‌కి పొదగాల్సినవి. చిన్న పొట్లం కదా, జారిపోతుందేమోనని ఎప్పటికన్నా బిగించి కట్టాడు.

మూడింటికల్లా బస్సు ఆగిపోయింది. ముందున్న వంతెన ఒక పక్కకు కుంగిందట. అటు బస్సులు అటు, ఇటు బస్సులు ఇటు నిలిచిపోయాయి. జనాన్ని దించి రోడ్డు పక్కనున్న రేకుల గోదాములోకి పంపారు. రేపు పొద్దుటిదాకా కదలదని కండక్టరు చెప్పాడు. ఆయన ఒక మూల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మామూలుగానే చుట్టూ నాలుగు గజాల జాగా ఖాళీ అయింది. కాలు మాత్రం మామూలుగా లేదు. కట్టు లోపల నిప్పులు పోసినట్టుంది. పాదం ఉబ్బి చెప్పులోంచి పొంగింది. వేళ్ళు నల్లబడుతున్నాయి. నియమం తప్పి, ఆయన కాలి వైపు చూశాడు.

ఆయన అలా చూసుకోవడం ఒకావిడ గమనించింది. నలభై ఐదేళ్ళుంటాయి, నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డసంచి. వెనక ఆగిన ఇంకో బస్సులోంచి దిగి వచ్చింది. ఆ ఖాళీ జాగాని దాటుకుని తిన్నగా వచ్చి ఆయన ఎదురుగా గొంతుకూర్చుంది. ముక్కు మూసుకోలేదు.

"అయ్యో, ఏంటన్నయ్యా ఇది? ఎన్నాళ్ళయింది కట్టు మార్చి?"

అయ్యో! ఆయన ఇంకాస్త గోడకు ఒదిగాడు. "పో," అన్నాడు.

ఆవిడ పోలేదు. ఆయన బొటనవేలి మీద తన వేలితో నొక్కి, వదిలి, చూసింది. మళ్ళీ నొక్కి చూసింది. నొక్కిన చోటికి రక్తం తిరిగి రాలేదు. "నేను నర్సుని. మా ఆసుపత్రి ఇక్కడికి మైలు దూరం కూడా ఉండదు. డాక్టరుగారు ఉన్నారు. నా భుజం మీద చెయ్యి వెయ్యి, మెల్లిగా వెళ్దాం. ముందీ కట్టు వదులు చెయ్యాలి, రక్తం ఆడట్లేదు," అంటూ సంచిలోంచి కత్తెర తీసి కట్టు అంచు కింద పెట్టింది.

ఆయన కేక గోదాము రేకుల్ని అదరగొట్టింది. "దొంగ! దొంగ! పట్టుకోండి!"

వంతెన కుంగి, వానలో తడిసి, ఆకలితో, ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక ఉన్న జనం అది. వాళ్ళకు ఆ మాట పండగలా దొరికింది. పదిమంది చుట్టుముట్టారు. లావుపాటి ఆసామి ఒకడు ఆవిడ చెయ్యి మెలితిప్పి కత్తెర లాక్కున్నాడు. ఎవరో సంచి బోర్లించారు. దూది, బ్లేడు, ఇంజెక్షను సూది, రెండు చిన్న మందు సీసాలు కింద పడ్డాయి.

"మత్తుసూది! చూశారా, మత్తుసూది!"

"నేను నర్సునండీ! కావాలంటే ఆసుపత్రికి వచ్చి అడగండి!"

"దొరికిన ప్రతి దొంగా నర్సే!"

ఒకామె ఆవిడ జుట్టు పట్టుకుంది. ఇంకెవరో చెంప మీద కొట్టారు. పెదవి చిట్లి రక్తం కారింది. ఆవిడ కొట్టినవాళ్ళ వైపు చూడలేదు, ఆయన వైపు చూసింది. నువ్వైనా చెప్పన్నట్టు చూసింది.

ఇక్కడే చెప్పాలి ఆ సంగతి, దాచి లాభం లేదు. ఆయనకు తెలుసు. వేలు నొక్కి రంగు చూసినప్పుడే తెలిసిపోయింది. ఏ దొంగా వేళ్ళ రంగు చూడడు. ఆ చేతుల్లో కంగారు లేదు, ఆశ లేదు, పని మాత్రమే ఉంది. ఒక్క మాటంటే ఆవిణ్ణి వదిలేసేవాళ్ళు. కానీ వదిలేస్తే ఆ తర్వాత అదే జనం, నర్సమ్మ చెబుతోందిగా విప్పించుకోవయ్యా అంటారు. అందుకని ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆవిణ్ణి గోదాములోంచి వానలోకి గెంటారు. సంచిని కాలవలోకి విసిరారు. ఆవిడ రోడ్డు మీద నిలబడి, చిట్లిన పెదవితోనే అరిచింది: "ఇవాళే విప్పించుకో అన్నయ్యా! రేపటిదాకా ఉంచావంటే కాలు దక్కదు! నన్ను కొట్టించావు, సరే! కాలు మాత్రం దక్కించుకో!"

ఎవరో రాయి విసిరారు. ఆవిడ వెళ్ళిపోయింది. లావుపాటి ఆసామి ఆయన దగ్గరికొచ్చి, ముక్కు మూసుకుని, "సమయానికి అరిచావు, గట్టివాడివే," అని మెచ్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరాడు. బస్టాండు నుంచి ఇంటిదాకా నడిచాడో, పాకాడో ఆయనకే గుర్తులేదు. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. భార్య పాదం చూసి, "రిక్షా పిలుస్తాను, ముందు ఆసుపత్రి," అంది. అప్పటికే షావుకారు పెరటి తలుపులోంచి వచ్చాడు, వెంట మేడ మీద రాళ్ళు పొదిగే అతని బావమరిది. ఒక రోజు ఆలస్యమయ్యేసరికి షావుకారుకు కంటిమీద కునుకు లేదట. "ముందు విప్పండి," అన్నాడు.

విప్పారు. చివరి చుట్టు గుడ్డ ఊడిరాలేదు, మాంసంతో కలిసి అంటుకుపోయింది. నీళ్ళు పోసి తడిపి లాగారు. రాళ్ళ పొట్లం నాని, చిరిగి, ముద్దై ఉంది. బావమరిది ఆ ముద్దని పళ్ళెంలో పెట్టి, నీళ్ళలో కడిగి, రాళ్ళు ఏరాడు. రెండోసారి ఏరాడు. మూడోసారి తల అడ్డంగా ఊపాడు.

"ఇరవై మూడే ఉన్నాయి బావా."

షావుకారు లేచి వెళ్ళి తలుపు గడియపెట్టాడు.

గుడ్డలు దులిపారు, దూది పీచు పీచు చేశారు, నేల ఊడ్చారు, చెప్పులు కోసి చూశారు. లేదు. ముప్పై ఏళ్ళుగా నమ్మిన మనిషిని షావుకారు ఏమంటాడు? ఊరికే కుర్చీలో కూర్చుని చూశాడు. ఆ చూపు ఆయనకు కాలి నొప్పికన్నా భరించరానిదైంది. పోలీసుల చేతికెళ్ళిన ఆ ఇద్దరూ కళ్ళముందు మెదిలారు.

"అయ్యా," అన్నాడు, "పొట్లం చిరిగింది కదా. రాయి పుండులోకి దిగి ఉంటుంది. అందులో చూడండి."

"వద్దు!" అంది భార్య. "ఆసుపత్రిలో చూస్తారు. వాళ్ళే తీసి ఇస్తారు. అయ్యగారూ, కాలు చూడండి, ఎలా ఉందో! మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆసుపత్రిలో పదిమంది చేతులు పడతాయమ్మా," అన్నాడు షావుకారు, ఎంతో ఓపికగా. "దొరికిన రాయిని దొరికిందని చెప్పేవాళ్ళెవరు?"

బావమరిది రాళ్ళు పొదిగే సన్నమొన పట్టకారు తీశాడు. కంటికి భూతద్దం బిగించుకున్నాడు. అతను మంచి పనివాడు, ఆవగింజంత రాయిని కూడా కదలకుండా పట్టుకోగలడు. ఆ పనితనమంతా ఆ కాలిలో చూపించాడు. కాసేపు ఎముక మీద తగిలేది, టిక్కుమనేది, రాయేమో అని ముగ్గురూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. కాదు. మళ్ళీ ఇంకో పక్క. ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని, కళ్ళతోనే ఇంకా లోతుగా, ఇంకా లోతుగా అని చెబుతున్నాడు. భార్య తలుపు దగ్గర గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. షావుకారు ఆ చేతి వంక చూస్తూ కూర్చున్నాడు.

రెండు గంటల తర్వాత దొరికింది. పిక్క లోపలి అంచున, చీములో. బావమరిది దాన్ని నీళ్ళలో ముంచి వెలుతురుకు పెట్టాడు. రవ్వ కదా, ఏ మచ్చా లేకుండా తళుక్కుమంది. ఆయన నోట్లోంచి తువ్వాలు తీసి ఏడ్చాడు, సంతోషంతో. "చూశావా? నా పేరు పోలేదు," అని భార్యతో అని, అక్కడే స్పృహ తప్పాడు.

ఆసుపత్రిలో డాక్టరు కాలు చూసి మొహం ముడుచుకున్నాడు. "నిన్న తీసుకొచ్చి ఉంటే ఏమీ పోయేది కాదు. ఇవాళ పొద్దున్నే వచ్చి ఉంటే వేళ్ళతో పోయేది. అసలు దీన్ని ఇలా కెలికిందెవరు?"

మెలకువొచ్చిన ఆయన, "దురద పుట్టి నేనే గోక్కున్నానండీ," అన్నాడు. సాయంత్రానికి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

మూడో రోజు పొద్దున షావుకారు చూడ్డానికి వచ్చాడు. ఆపిల్ పళ్ళు తెచ్చాడు. మంచం పక్కన భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. మూడు రోజులుగా ఆమె ఆ స్టూలు మీదనుంచి లేవలేదు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. షావుకారు చదునుగా ఉన్న పక్కన, మంచం మీదే కూర్చున్నాడు, జాగా ఉంది కదా అని.

"ఆ రాయి నెక్లెస్‌లో పెట్టేశాం. మధ్యలోది అదే. ఏ తేడా తెలియట్లేదు," అన్నాడు. ఆయన మొహం వికసించింది.

"అయ్యా, కొయ్యకాలు పెట్టిస్తారటండీ. లోపల డొల్లగా చేయిస్తే ఎన్ని నగలైనా పడతాయి. మళ్ళీ వెళ్తాను."

షావుకారు తల అడ్డంగా ఊపాడు. "కొయ్యకాలు చూస్తే ఏ దొంగైనా ముందు దాన్నే ఊడబీకుతాడు. ఇన్నేళ్ళు చేశావు, ఆ మాత్రం తెలీదా? కొయ్య కంపు కొట్టదు కదయ్యా."

నిజమే. ఆయనకు ఆ సంగతి తట్టలేదు. మొదటిసారి దుప్పటి చదునుగా ఉన్న వైపు చూసుకుని, కాలు పోయిందని అప్పుడే ఎవరో చెప్పినట్టు బావురుమన్నాడు. ఉద్యోగం లేకపోతే ఇల్లు లేదు. ఇల్లు లేకపోతే ఒంటికాలితో ఎక్కడికి పోతాడు?

షావుకారు ఆయన ఏడుపు తగ్గేదాకా ఆగాడు. ఒక ఆపిల్ తీసి తుడిచి ఆయన చేతిలో పెట్టాడు. "మిమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమని ఎవరన్నారు? ఇల్లు మీదే. దారి చెప్పడానికి నువ్వున్నావు. వెళ్ళడానికి కట్టు కట్టడం వచ్చిన మనిషి ఒకరుంటే చాలు. ఆడమనిషైతే మరీ మంచిది, కాలి జోలికి ఎవడూ రాడు." ఈ మాటలు భార్య వైపు చూస్తూ అన్నాడు కానీ, జవాబు కోసం భర్త వైపు తిరిగాడు.

భార్య కూడా భర్త వైపే చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ కాలిని స్టూలు మీద పెట్టుకుని, చివరికి అది ఏమైందో కళ్ళారా చూసింది ఆమె ఒక్కతే. ఆయన ఇప్పుడు ఒక్క మాట, 'వద్దండీ' అనే మాట అంటాడని ఎదురుచూసింది. గోదాములో ఆ నర్సు కూడా అలాగే చూసిందని ఆమెకు తెలియదు.

ఆయన ఆపిల్ పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, భార్య చెయ్యి అందుకున్నాడు. ఎంతో ఆప్యాయంగా, ఓర్పుగా, కొత్తగా పనిలో చేరినవాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు.

"మొదట్లో కొంచెం ఒరుసుకుంటుంది. నాలుగు ట్రిప్పులయ్యాక నీకే తెలియదు."

ఆమె చెయ్యి విడిపించుకుని, రెండు కాళ్ళూ స్టూలు కిందికి లాక్కుంది. షావుకారు అప్పటికే వాటిని చూస్తున్నాడు.